తాళంచెవుల గుత్తి

మా కాలనీలో పేరంటానికి వెళ్ళి నిమ్మళంగా కూర్చోలేనివాళ్ళం ఇద్దరమే ఇద్దరం. ఒకరు మూడో వీధి డాక్టరమ్మగారు, రెండోదాన్ని నేను. ఆవిడ చేతిలో తాంబూలం పెట్టీ పెట్టకముందే "మోకాళ్ళండీ..." అంటూ ఎవరో ఒకరు దగ్గరికి జరుగుతారు. నాకైతే తాంబూలం ఇచ్చిన చేత్తోనే ఫోను కూడా ఇస్తారు. "కాస్త చూసిపెడుదురూ, తెగ వేడెక్కిపోతోంది" అని. జ్వరం చూసినట్టు నేను దాని వీపు ముట్టుకుని చూడాలి. డాక్టరమ్మగారికి ఒక సదుపాయం ఉంది. "రేపు క్లినిక్కుకి రండి" అని తప్పించుకోగలదు. నాకు క్లినిక్కు లేదు, ఫీజు లేదు, డిగ్రీ అసలే లేదు. ఉన్నదల్లా పిచ్చి.

పిచ్చి అన్నది మావారి మాట. "బజారుకి వెళ్ళిన ఆడవాళ్ళు గాజులు కొనుక్కొస్తారు గానీ, స్క్రూడ్రైవర్లు కొనుక్కొచ్చే దాన్ని నిన్నే చూశాను" అంటారు. ఏం చేస్తాం, కంప్యూటరు పెట్టె మూత తీసి, లోపలి పంకాకి పట్టిన దుమ్ముని పాత పెయింటు బ్రష్షుతో దులుపుతూంటే నాకు కలిగే తృప్తి బంగారం కొట్లో మెత్తటి కుర్చీ వేసి కూర్చోబెట్టినా కలగదు. ఫ్లాపీల రోజులనించీ ఉంది నాకీ జబ్బు. ఒక్కో ఫ్లాపీలో 1.44 మెగాబైట్లు పట్టేవి. అదే మహాభాగ్యమనుకునేవాళ్ళం. ఇవాళ్టి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దాచాలంటే అలాంటివి రెండో మూడో కావాలి. మా అటకమీద ఇప్పటికీ ఒక డబ్బాడు ఫ్లాపీలున్నాయి. వాటిని చదివే యంత్రం లేదు. పారెయ్యటానికి చేతులూ రావు.

అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ ఫోను కొనమంటారండీ?" అని. ఏ చీర కొనమంటారని అడిగితే ఏం చెప్పగలం చెప్పండి! ఇంట్లో కట్టుకోవటానికా, పెళ్ళికా, పెట్టుబడికా తెలియాలి కదా. అంచేత నేను కంపెనీ పేరు చెప్పను. మూడే మూడు సంగతులు కనుక్కోమంటాను. కంపెనీవాడు ఎన్నేళ్ళపాటు అప్‌డేట్లు పంపిస్తానని మాట ఇస్తున్నాడు? పాడైతే బాగుచేసే సర్వీసు సెంటరు మన ఊళ్ళో ఉందా? లోపల దాచుకునే చోటెంత? కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు అని మాత్రం అడగొద్దంటాను. మా ఆడపడుచు కూతురు 108 మెగాపిక్సెళ్ళ ఫోను కొనుక్కుని, అష్టోత్తరం పూర్తిచేసినంత సంబరపడింది. 108 మెగాపిక్సెళ్ళంటే పది కోట్ల ఎనభై లక్షల చుక్కలు. నిజమే. కానీ మామూలుగా ఫొటో తీసినప్పుడు ఆ ఫోను తొమ్మిదేసి చుక్కల్ని ఒకటిగా కలిపేసి 12 మెగాపిక్సెళ్ళ బొమ్మే ఇస్తుంది, మసక వెలుతుర్లో కూడా బొమ్మ తేటగా రావాలని. ముగ్గు అందం చుక్కల లెక్కలో ఉందా, వేసే చేతిలో ఉందా? ఫొటోకి ఆ చెయ్యి వెలుతురూ, లెన్సూను. ఈ మాట చెపితే పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. కొన్నాక చెప్పకూడదు ఇలాంటివి.

కొట్టువాడి మీద ఫిర్యాదులు కూడా నా దగ్గరికే వస్తాయి. "128 జీబీ పెన్‌డ్రైవని డబ్బులు పుచ్చుకున్నాడండీ, తీరా కంప్యూటరుకి పెడితే 119 చూపిస్తోంది!" అని ఎదురింటావిడ కొట్టుమీదికి యుద్ధానికి బయల్దేరింది. పాపం అతని తప్పేం లేదు. తయారుచేసినవాడు వెయ్యికి వెయ్యే లెక్క వేశాడు. కంప్యూటరు వెయ్యి అనాల్సిన చోటల్లా 1024 అంటుంది. పాత వీశలకీ ఇప్పటి కిలోలకీ ఉన్న తేడాలాంటిదే ఇదీను. సరుకు అదే, తూకంరాయి వేరు. ఆవిడ నమ్మినట్టు తల ఊపింది గానీ, ఆ తొమ్మిదీ కొట్టువాడే తినేశాడని ఇప్పటికీ ఆవిడ లోపల ఉందనే నా అనుమానం.

ఇక "ఫోను నిండిపోయిందండీ" అనేవాళ్ళకి లెక్కలేదు. నిండింది ఏమిటా అని చూద్దును కదా, గులాబీలు! తెల్లారగానే శుభోదయం చెప్పే గులాబీలు, మంచుబిందువులతో గులాబీలు, కాఫీకప్పు పక్కన గులాబీలు, శుక్రవారం అయితే అమ్మవారి పాదాల దగ్గర గులాబీలు. వాట్సాప్ సెట్టింగులలోకి వెళ్ళి, వచ్చిన బొమ్మలన్నీ తమంతట తాము దిగిపోకుండా ఆపుచేస్తే సగం బాధ పోతుంది. స్టోరేజీ చోట చూస్తే ఎవరు పంపినవి ఎంత చోటు ఆక్రమించాయో వరసగా చూపిస్తుంది. ఒకావిడ ఫోనులో ఆ వరసలో మొట్టమొదటి పేరు వాళ్ళ వియ్యపురాలిది. ఆవిడ ఎంత తృప్తిగా తుడిచేసిందో చెప్పలేను.

"రాత్రంతా ఛార్జింగులో ఉంచితే పేలిపోతుందటగా?" అని మా అత్తగారు. మంచి ఫోనూ మంచి ఛార్జరూ అయితే నిండగానే అదే ఆపేసుకుంటుందత్తయ్యా, అన్నాను. అయితే నూటికి నూరూ నిండి గంటలకొద్దీ ఉండటం, వేడి, ఈ రెండూ బ్యాటరీకి ముసలితనం తెస్తాయి. ఇరవైకీ ఎనభైకీ మధ్య తిరుగుతూంటే ఎక్కువకాలం మన్నుతుంది. దిండు కింద పెట్టుకుని మాత్రం ఛార్జింగు పెట్టకూడదు. ఈ బ్యాటరీలకి దారి చూపిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ళలో గుడెనఫ్ అనే ఆయనకి అప్పటికి 97 ఏళ్ళు. అంత పెద్ద వయసులో ఆ బహుమతి అందుకున్నవాళ్ళు ఆయనకి ముందు లేరు. ఈ సంగతి చెప్పిన దగ్గర్నించీ మా అత్తగారు "ఎనభై ఏళ్ళదాన్ని, నాకెందుకే ఈ ఫోన్లు" అనటం మానేశారు. ఇప్పుడు "ఆయన కంటే పదిహేడేళ్ళు చిన్నదాన్ని" అంటారు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వారు మామూలు మద్దతు ఆపేశారు. దాంతో నాకొక సీజను నడిచింది. మా ఒదినగారి లాప్‌టాప్ చూసి ఎవరో కొట్టువాడు "ఇంక ఇది పనికిరాదమ్మా, పారేసి కొత్తది కొనండి" అన్నాట్ట. ఆరోజు దాటగానే యంత్రం ఆగిపోదు. దొంగలు దూరే కన్నాలు కనిపెట్టి పూడ్చటం ఆపేస్తారు, అంతే. అది చిన్న విషయమని అనను. కానీ దానికి విరుగుడు పారెయ్యటమొక్కటే కాదు. గిర్రున తిరిగే పాత హార్డ్‌డిస్కు తీసేసి ఎస్సెస్‌డీ వేశాను, ఖర్చు లేకుండా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాను. ఒదినగారికి కావలసినవి ఉత్తరాలూ, ఇంటర్నెట్టూ, పాటలూను. ఇప్పుడు కాఫీ కలుపుకొచ్చేలోపల తెరుచుకుంటోందిట. ఇదివరకు వంట అయ్యేది!

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రాని సంగతి ఒకటి చెప్పాలనే అసలు ఈ కాగితం ముందేసుకున్నాను.

మా అమ్మమ్మ బొడ్లో తాళంచెవుల గుత్తి ఉండేది. ఇనప్పెట్టెది, భోషాణానిది, ధాన్యపు గదిది, వంటింటి అలమరది, ఇంకా దేనివో ఆవిడకి మాత్రమే తెలిసినవి రెండు. ఆవిడ నడుస్తూంటే ఆ చప్పుడుకి పిల్లలం సర్దుకునేవాళ్ళం. తాతయ్య ఊళ్ళో ఎంత పెద్దమనిషైనా సరే, పది రూపాయలు కావాలంటే వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడాల్సిందే. ఇవాళ మన ఇళ్ళల్లో ఆ గుత్తి ఎవరి దగ్గరుందో ఎప్పుడైనా ఆలోచించారా? కరెంటు బిల్లు, గ్యాసు, ఇన్సూరెన్సు, ఫిక్సెడ్ డిపాజిట్లు, ఆస్తిపన్ను, పిల్లల ఫీజులు, టీవీ, వైఫై అన్నీ ఒక చిన్న పలకలోకి వచ్చేశాయి. ఆ పలక మగవాళ్ళ చొక్కా జేబులో ఉంటుంది. దొంగతనంగా లాక్కున్నారని నేననను. "నీకెందుకూ శ్రమ" అని వాళ్ళన్నారు, "హమ్మయ్య" అని మనమన్నాం. మొన్న పేరంటంలో ఊరికే అడిగాను, "మీ ఇంటి కరెంటు మీటరు సర్వీసు నంబరు ఎవరికైనా తెలుసా?" అని. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పట్టుచీరల ధరలు పైసలతో సహా చెప్పగల సభ అది.

మా కింది అంతస్తులో పిన్నిగారూ బాబాయిగారూ ఉండేవారు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. రిటైరయ్యాకే ఫోను నేర్చుకున్నారు, పిల్లల్ని అడక్కుండా, పుస్తకంలో రాసుకుని మరీ. అన్ని బిల్లులూ గడువుకి వారం ముందే కట్టేసేవారు. కట్టినట్టు నాకు చూపించి "చూశావుటమ్మా, క్యూలు లేవు, చిల్లర గొడవ లేదు" అని మురిసిపోయేవారు. ఉన్నట్టుండి ఒకరోజు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తొమ్మిదో రోజున తిరిగి తీసుకొచ్చారు.

పన్నెండు రోజులూ అయి, చుట్టాలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళాక, ఫోను బల్లమీద ఉంది. ఆస్పత్రిలో ఉన్నప్పుడే ఛార్జింగు అయిపోయి ఆగిపోయింది. మళ్ళీ పెడితే పిన్ను అడిగింది. వేలిముద్ర పెట్టుకునేవారు కాబట్టి పిన్ను ఎవరూ చూడలేదు. అలా ఆగి మళ్ళీ వెలిగిన ఫోను మొదట పిన్నే అడుగుతుంది, వేలితో పని జరగదు. అబ్బాయి ఆయన పుట్టిన సంవత్సరం కొట్టాడు. పెళ్ళయిన సంవత్సరం కొట్టాడు. లెక్కల మాస్టారు కదా అని రామానుజన్ అంకె 1729 కూడా కొట్టాడు. తప్పినప్పుడల్లా ఇంకాసేపు ఆగమంటోంది ఫోను. అప్పుడు నన్ను పిలిచారు.

నేను మొదట చెప్పింది, ఇంక కొట్టొద్దని. కొన్ని ఫోన్లలో పదిసార్లు తప్పితే లోపలున్నదంతా తుడిచేసుకునే ఏర్పాటుంటుంది. రెండోది చెప్పటం కష్టమైంది. ఇంటిల్లిపాదీ నేను స్క్రూడ్రైవరు తీస్తానన్నట్టు చూస్తున్నారు. ఇది ఇనప్పెట్టె కాదు, కన్నం వేస్తే సామాను బయటికి రావటానికి. లోపలి సామానంతా గుర్తుపట్టలేని పొడి చేసి దాచి ఉంచుతుంది ఫోను. సరైన పిన్ను పడితేనే ఆ పొడి తిరిగి సామాను అవుతుంది. పెట్టె పగలగొడితే పొడే దొరుకుతుంది. ఇది తయారుచేసినవాళ్ళ తప్పూ కాదు. రైల్లో మన ఫోను కొట్టేసినవాడికి కూడా పొడే దొరకాలని కదా అలా చేశారు!

పిన్నిగారు అంతసేపూ గోడకి ఆనుకుని కూర్చుని విన్నారు. "నా దగ్గర ఏదీ దాచలేదమ్మా ఆయన" అన్నారు. కాసేపాగి, "దాచలేదు గానీ, చెప్పనూలేదు" అన్నారు.

ఫోను వదిలేసి మామూలు దారినే బయల్దేరాం. క్యాలెండరు వెనక దూర్చిన పాత కరెంటు బిల్లు ఒకటి దొరికింది. సర్వీసు నంబరు ఉంటే చాలు, ఆ బిల్లు ఎవరి ఫోనునించైనా కట్టొచ్చు. తరవాత బ్యాంకుకి వెళ్ళి ఏడాదిన్నర లెక్క పాస్‌బుక్కులో వేయించుకొచ్చి, పెన్సిలు పుచ్చుకుని కూర్చున్నాం. ఏడాదికోసారి ఎవరు డబ్బు పట్టుకెళ్ళారో గుర్తుపెడుతూ పోతే రెండు ఇన్సూరెన్సు పాలసీలు బయటపడ్డాయి. మూణ్ణెల్లకోసారి వచ్చే వడ్డీని బట్టి పిన్నిగారికి తెలియని డిపాజిట్టు ఒకటి తేలింది. ఆయన సిమ్ముకార్డు తీసి అబ్బాయి పాత ఫోనులో వేశాం. గడువు దగ్గరపడిందని వచ్చే సందేశాల వల్ల ఇంకో రెండు సంగతులు తెలిశాయి. దానికి రీఛార్జి ఆపొద్దన్నాను. మూణ్ణెల్లు వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆ నంబరు తీసేసి, ఇంకొకరికి ఇవ్వొచ్చు. అయితే ఆ నంబరుకి వచ్చే ఓటీపీలతో ఆయన ఖాతాలో డబ్బు తీయాలని చూడకూడదు. పోయినవారి ఖాతా మనం నడపకూడదు. మరణ ధ్రువపత్రం పట్టుకెళ్ళి పద్ధతి ప్రకారం అడిగి తీసుకోవాలి. అన్నట్టు, నామినీ అంటే సొంతదారు అనుకుంటారు చాలామంది. కాదు. వారసుల తరఫున బ్యాంకునించి డబ్బు అందుకునే మనిషి, అంతే.

మొత్తం ఒక కొలిక్కి రావటానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఎక్కడ వాసన పట్టారో గాని, పిన్నిగారికి ఫోన్లు మొదలయ్యాయి. "మాస్టారి పాలసీకి బోనసు వచ్చిందమ్మా, ఇదిగో మీకో బొమ్మ పంపిస్తున్నాం, దాన్ని స్కాన్ చేసి మీ పిన్ను కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అని. 2016లో ఈ యూపీఐ వచ్చిన దగ్గర్నించీ ఒకే ముక్క పదేపదే చెపుతున్నాను అందరికీ. డబ్బు ఇవ్వటానికే పిన్ను. పుచ్చుకోవటానికి పిన్ను అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. వాయనం పుచ్చుకునేందుకు మన బీరువా తాళం ఎందుకివ్వాలి? పిన్నిగారు ఆ ముక్కే వాడికి తిరిగి చెప్పి పెట్టేశారు. ఒకవేళ ఎవరికైనా డబ్బు పోతే, సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకి చెయ్యాలి. మొదటి గంటల్లో చెపితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం ఉంటుంది. రేపు చూద్దాంలే అనుకుంటే ఆ అవకాశం సన్నబడిపోతుంది.

ఇంతా అయ్యాక, ఒక మధ్యాహ్నం పిన్నిగారు తన ఫోను పట్టుకుని పైకి వచ్చారు. "నిండిపోయిందిట అమ్మాయీ. సందు చివర ఫోన్లు బాగుచేసే కుర్రాణ్ణి అడిగితే రీసెట్ చేస్తే కొత్తదాన్లా అయిపోతుందన్నాడు. చెయ్యమననా? ఎందుకైనా మంచిదని నిన్నడుగుదామని వచ్చాను" అన్నారు.

ఏదైనా తుడిచేముందు లోపల ఏముందో ఒకసారి చూడటం నా అలవాటు. కేబులు పెట్టి కంప్యూటరులో తెరిచాను. వాట్సాప్‌కి ఫోను లోపల ఒక అరుంటుంది, అందులో గొంతులు దాచేది ఇంకో అర. ఆ అరలో వారానికొక గూడు. పేరు కూడా అంకెలే. సంవత్సరం, పక్కన అది ఆ ఏడాదిలో ఎన్నో వారమో. ఆ గూళ్ళనిండా బాబాయిగారు ఉన్నారు. తెలుగులో టైపు చెయ్యటం విసుగని, బజారుకెళ్ళినా, పార్కుకెళ్ళినా మైకు బొమ్మ నొక్కి మాట్లాడి పంపేవారుట. పిన్నిగారు వినేసి ఊరుకునేవారు. విన్నవి ఇంకా ఫోనులోనే ఉంటాయని ఆవిడకి తెలీదు. అబ్బాయీ, అల్లుడూ, నేనూ ఆయన ఫోను చుట్టూ మూగి పుట్టినరోజులు కొడుతున్నన్నాళ్ళూ, ఆయన గొంతు ఆవిడ పోపులపెట్టె పక్కనే ఉంది.

అందులో పెద్ద మాటలేవీ లేవు. "తలుపు గడియ తీసి ఉంచు, వచ్చేస్తున్నా." "మందుల షాపులో జనం ఉన్నారు, నువ్వు తినెయ్యి." "కొత్తిమీర కట్ట పదిహేను అంటున్నాడు, తీసుకోనా?" అన్నీ ఇంతే. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి కావాలని కాస్త ఆలస్యంగా కాఫీ కలుపుకొచ్చాను. "ఆ కొత్తిమీరది మళ్ళీ పెట్టు" అన్నారు. పెట్టాను. "వద్దన్నాను ఆవేళ. ఇంట్లో ఉందని" అన్నారు.

ఆ గూళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవులోకి, మా కంప్యూటరులోకి తీసి, ఊళ్ళోలేని అబ్బాయికి ఇంకో ప్రతి పంపించాను. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల్లో, ఒకటైనా వేరే ఇంట్లో. మా కంప్యూటరు పిచ్చివాళ్ళ పాత లెక్క ఇది. "ఫొటోలన్నీ పైన గూగుల్లో ఉన్నాయిగా, భయమేమిటి" అంటూంటారు చాలామంది. పైన ఉన్నదీ ఫోనులో ఉన్నదీ ఒకదానికొకటి అద్దంలా పనిచేస్తాయి. ఆ ఫొటోల యాప్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అద్దంలో బొట్టు కనిపిస్తోంది కదా అని నుదుటిమీద తుడిచేసుకుంటే అద్దంలో మిగులుతుందా? ప్రతి అంటే వేరేగా, ముట్టుకోకుండా ఉండాలి. ఇదంతా అయ్యాక పిన్నిగారి ఫోనులో గులాబీలు తుడిచాను. చోటు బోలెడు మిగిలింది. రీసెట్టు అవసరమే పడలేదు.

అప్పట్నించీ నేను పేరంటాల్లో కొత్త పాట ఎత్తుకున్నాను. ఫోను ముట్టుకునేముందు "మీ ఇంట్లో ఒక పుస్తకం రాశారా?" అని అడుగుతున్నాను. మామూలు రూళ్ళ నోటుపుస్తకం చాలు. ఏ బ్యాంకులో ఏ ఖాతా, ఏ పాలసీ, గడువెప్పుడు, కరెంటు సర్వీసు నంబరు, గ్యాసు వినియోగదారు నంబరు, ఏది ఏ ఫోను నంబరుకి ముడిపెట్టి ఉంది. అంతే. బ్యాంకు పిన్నులూ పాస్‌వర్డులూ అందులో రాయొద్దు. ఎవరి కంటైనా పడితే కొంప మునుగుతుంది. ఫోను తెరిచే పిన్ను మాత్రం ఒక కవరులో పెట్టి అంటించి ఇంట్లో ఉంచమంటాను. లేదా భార్య ఫోనులో భర్త వేలు, భర్త ఫోనులో భార్య వేలు కూడా ఎక్కించుకోవచ్చు. దీనికి కొందరు మగవాళ్ళ మొహాలు ఎలా మారాయో చెప్పను. న్యాయంగా ఆ మాటా ఒప్పుకోవాలి, కొందరు ఆడవాళ్ళ మొహాలూ మారాయి. ఎవరి ఏకాంతం వాళ్ళది. అంటించిన కవరు అందుకే.

గూగుల్‌వారు 2013నించీ ఒక ఏర్పాటు ఉంచారు. మనం ఇన్ని నెలలపాటు ఖాతా వైపు రాకపోతే ఫలానా మనిషికి ఫలానావి అందించమని ముందే చెప్పి ఉంచొచ్చు. ఐఫోనువాళ్ళకి 2021 డిసెంబరునించి ఇలాంటిదే వచ్చింది, మన తరవాత చూసుకునే మనిషి పేరు రాసిపెట్టొచ్చు. నిమిషాల్లో అయ్యే పని. రెండేళ్ళు ఎవరూ తెరవని సొంత ఖాతాలని గూగుల్ తీసేయొచ్చు కూడా, ఫొటోలతో సహా. బ్యాంకు డిపాజిట్లకి 2025 నవంబరు 1నించి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు. మా పక్కవాటా ఆయన ఇది వినగానే "నలుగురెందుకండీ, ఒక్కరితోనే పడలేకపోతున్నా" అన్నాడు. వాళ్ళావిడ పక్కనే ఉంది. ఆ సాయంత్రమే పుస్తకం రాయించిందిట.

మా ఇంట్లో పుస్తకం రాసే కార్యక్రమం ఒక ఆదివారం పెట్టుకున్నాం. మావారు చెప్తూంటే నేను రాశాను, నేను చెప్తూంటే ఆయన రాశారు. ఆయన మరిచేపోయిన పాలసీ ఒకటి దొరికింది. నాకు తెలియకుండా ఆయన కట్టుకుంటున్న క్రికెట్ ఛానెల్ చందా ఒకటి బయటపడింది. పుస్తకం ఎక్కడ దాచాలన్నదగ్గర గొడవొచ్చింది. బీరువాలో అయితే దొంగలు మొదట చూసేది అదేనని నేను, పుస్తకాల అలమరలో పెడితే మళ్ళీ మనకే దొరకదని ఆయనా. మా అత్తగారు చెయ్యి చాపి, "ఇలా పడెయ్యండి, నా పెట్టెలో ఉంటుంది" అన్నారు. ఆవిడ పెట్టెలో వస్తువు పోవటం మా ఇంట్లో జరగలేదు. చిన్న తాళం, దాని చెవి ఆవిడ మెళ్ళో నల్లతాడుకి ఉంటుంది.

పెట్టెలో పెట్టబోతూ ఆగి, "నాదీ ఒకటి రాసుకో" అన్నారు.

"ఏమిటత్తయ్యా?"

"పోస్టాఫీసు పుస్తకం. నేనూ నెలనెలా వేస్తున్నానుగా."

మావారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. ఏ పోస్టాఫీసో చెప్పారు, నంబరు చెప్పారు, నామినీగా నా పేరే రాయించానన్నారు. అన్నీ రాసుకుని, ఎంతుందత్తయ్యా అని అడిగాను.

"అది రాయక్కర్లేదులే" అని పెట్టె మూసి తాళం వేసుకున్నారు.